దాఖలు, ఖారీజు, మధ్యలో నిలిపివేత

సందేహం: మా ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ఫైళ్లన్నీ ఒక లినక్స్ సర్వర్‌లో ఉంటాయి, సాంబా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా అందరూ పంచుకుంటారు. కొత్తవాళ్లకు యూజర్ అకౌంట్ ఇవ్వడం, మానేసినవాళ్లది తీసేయడం అన్నీ కమాండ్ లైన్లోనే చేస్తాం. నా తర్వాత ఈ పని చూసేవాళ్ల కోసం తెలుగులో ఒక సూచనల కాగితం రాస్తున్నాను. డిసేబుల్‌కూ డిలీట్‌కూ రెండింటికీ 'తొలగించు' అంటే సరిపోతుందా? 'వినియోగదారుని తొలగించండి' అని రాస్తే ఉద్యోగం ఊడినట్టుందని మా ఫోర్‌మన్ నవ్వుతున్నాడు. యూజర్‌ని వాడుకరి అనాలా, వినియోగదారు అనాలా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ ఫోర్‌మన్ నవ్వింది సబబే. తొలగించేది మనిషిని కాదు, దస్త్రంలో అతని పేరుని. ముందు ఆ తేడా పట్టుకుంటే మిగతాది సులువు.

రెండింటికీ 'తొలగించు' సరిపోదు, ఎందుకో చెబుతాను. సాంబా ఖాతాలను చూసుకునే ఎస్‌ఎంబీ పాస్‌వర్డ్ (smbpasswd) కమాండ్‌కి మైనస్ డి తగిలిస్తే డిసేబుల్: ఆ పేరు అక్కడే ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా చెరగదు, పక్కన 'డి' అని ఒక గుర్తు పడుతుంది అంతే. రేపు ఆ మనిషి సెలవు నుంచి తిరిగొస్తే మైనస్ ఇ కొడితే పాత పాస్‌వర్డ్‌తోనే లోపలికి వస్తాడు. డిలీట్ చేసే మైనస్ ఎక్స్ అలా కాదు, పేరే పోతుంది, మళ్లీ కావాలంటే మైనస్ ఎ తో మొదటినుంచి చేర్చి కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. ఒకదానికి దిద్దుబాటు ఉంది, రెండోదానికి లేదు. ఈ రెండింటికీ ఒకే క్రియ వాడితే రాత్రి షిఫ్టులో మీ కాగితం చదివే కుర్రాడు ఏ కమాండ్ కొడతాడో మీకే టెన్షన్.

ఈ తేడా మనవాళ్లకు కంప్యూటర్లు వచ్చాక తెలిసింది కాదు. రెవెన్యూ దస్త్రాల భాషలో దీనికి చక్కటి జంట మాటలున్నాయి: దాఖలు, ఖారీజు. రెండూ అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చినవే. మొదటిదాని ధాతువుకు 'లోపలికి ప్రవేశించు' అని అర్థం, రెండోదాని ధాతువుకు 'బయటికి వెళ్లు' అని. నామినేషన్ దాఖలు చేశాడంటే పేరుని దస్త్రం లోపలికి పంపాడని. ఉర్దూలో బడిలో చేరడం దాఖిలా. ఆస్తిని ఫలానావారికి దఖలు పరిచాడు అన్నప్పుడున్న దఖలు కూడా ఈ ఇంటిదే. పత్రికలు రోజూ రాసే 'అలాంటి దాఖలాలు లేవు' ఉంది చూశారా, అది కూడా ఇదే: దస్త్రంలో అలాంటి నమోదు కనిపించలేదని అసలు అర్థం, ఇప్పుడు ఉదాహరణ అన్న అర్థంలో ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేస్తున్నారు. ఇక ఖారీజు. తెలంగాణ పహాణీల్లో 'ఖారీజు ఖాతా' అని ఇప్పటికీ కనిపిస్తుంది, పట్టాదారు పేరు లెక్కలోంచి బయటికి పోయిన భూమి అన్నమాట. ఉత్తరాదిన భూమి చేతులు మారితే రికార్డు మార్చడాన్ని దాఖిల్ ఖారిజ్ అనే అంటారు, అంటే ఒక పేరు లోపలికి, ఒక పేరు బయటికి. పాకిస్తాన్‌లో హోం శాఖ లాంటిది దాఖిలా, విదేశాంగ శాఖ ఖారిజా! మన జేబులోంచి బయటికి పోయేదాన్ని ఖర్చు అంటున్నాం కదా, అది కూడా ఈ ఖారీజుకు తోబుట్టువే.

మీ మైనస్ ఎ అచ్చంగా దాఖలు, మైనస్ ఎక్స్ అచ్చంగా ఖారీజు. ఇంతకన్నా అతికే మాటలు నాకు తట్టలేదు. కానీ తెనాలి ప్రెస్సులో కుర్రాడికి ఖారీజు అంటే అర్థమవుతుందని పందెం కాయలేను. అందుకని 'పేరు చేర్చు', 'పేరు కొట్టివేయి' అని రాయండి. బడిలో పేరు కొట్టేశారంటే అందరికీ తెలుసు, కోర్టు పిటిషన్‌ని కొట్టివేసినా తెలుసు.

మధ్యలోని డిసేబుల్ దగ్గరే చిక్కు. కొన్ని సాఫ్ట్‌వేర్ల తెలుగులో దీనికి 'అచేతనం' అని పెట్టారు. ఖాతా అచేతనమైందట! అచేతనంగా పడి ఉంటే డాక్టర్ని పిలవాలి గానీ సిస్టం అడ్మిన్ ఏం చేస్తాడు? దానికి తోడు 'అచేతనం చేయబడినది' అని ఆ బడు ఒకటి, చేసినవాడి పేరు దాచడానికే పుట్టినట్టు. ఒట్టి 'నిలుపు' కూడా వద్దు, దానికి రెండు ముఖాలు: బండి నిలిపాడు అంటే ఆపాడు, మాట నిలుపుకున్నాడు అంటే పోనివ్వలేదు. 'ఖాతా నిలుపు' అంటే ఆపమనా, ఉంచమనా? 'నిలిపివేయి' అంటే ఆ గొడవ లేదు. పింఛను నిలిపివేశారు అంటే రద్దయిందని ఎవరూ అనుకోరు, మళ్లీ వస్తుందన్న ఆశ ఆ మాటలోనే ఉంది. మైనస్ ఇ కి 'పునరుద్ధరించు' కన్నా 'తిరిగి తెరువు' తేలిక.

బర్తరఫు అనే మాట ఉంది, పారసీలో 'ఒక పక్కకు' అని దాని అర్థం, మా తరఫున అంటామే ఆ తరఫే. న్యాయంగా మైనస్ డి కి అది సరిపోవాలి, పక్కన పెట్టడమే కదా. మంత్రులను బర్తరఫు చేసి చేసి ఆ మాటని మనమే పాడుచేసుకున్నాం, మీ కాగితంలో అది పెడితే ఫోర్‌మన్ ఈసారి నవ్వడు, భయపడతాడు.

యూజర్ సంగతి. వినియోగం అంటే ఫలానా పనికి నియోగించడం. విష్ణుసహస్రనామం మొదట్లో 'జపే వినియోగః' అంటారు గుర్తుందా, ఈ మంత్రం ఈ పనికి అని. దానికి పారసీ 'దారు' తగిలించి కన్స్యూమర్‌కి వినియోగదారు అన్నాం, 1986 చట్టంతో అది స్థిరపడింది కూడా. కొట్లో సబ్బు కొన్నవాడికి అది చాలు. ఫైళ్లు తెరిచేవాడికి వాడుకరి బాగుంటుంది: నేర్పరి, చూపరి, జూదరి, కల్లరి వరసలో పుట్టిన మాట, తెలుగు వికీపీడియా వాడి అలవాటు చేసింది. అయినా మీ ప్రెస్సులో అందరూ యూజర్ అంటుంటే యూజర్ అనే రాయండి, నేనేమీ కోప్పడను. వినియోగదారు ఒక్కటీ వద్దు.

అకౌంట్‌కి ఖాతా. పద్దు నాకిష్టమే గానీ అది ఇప్పుడు బడ్జెట్ చర్చలకు పరిమితమైపోయింది. పాస్‌వర్డ్ పాస్‌వర్డే.

సాంబా పేరుకు సాంబశివుడితో సంబంధం లేదు, అడగకపోయినా చెబుతున్నాను. 1991-92లో ఆస్ట్రేలియాలో దీన్ని మొదలుపెట్టిన ఆండ్రూ ట్రిడ్జెల్‌కు తాను దానికి పెట్టిన మొదటి పేరు వేరేవాళ్లదని తేలితే, ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరులోని ఎస్, ఎం, బీ అనే అక్షరాలు ఆ వరసలో వచ్చే మాటలేమిటో కంప్యూటర్‌లోని పదాల జాబితాలో వెతికించి దీన్ని ఏరుకున్నాడు. నిఘంటువు తిరగేసి పేరు పెట్టినవాడంటే నాకు గౌరవం.

మీ కాగితంలో ఇంకొక వాక్యం చేర్చండి. ఖాతా రెండు చోట్ల ఉంటుంది, ముందు లినక్స్‌లో, తర్వాత సాంబాలో. లినక్స్ ఖాతా తెరిచే యూజర్‌యాడ్ (useradd) కమాండ్ కొట్టకుండా మైనస్ ఎ కొడితే సాంబా చేర్చుకోదు. మైనస్ ఎక్స్ కొట్టినా లినక్స్ ఖాతా, అతని ఫైళ్లు అలాగే ఉంటాయి. కాబట్టి ఒట్టి 'ఖాతా కొట్టివేయి' చాలదు, 'సాంబా ఖాతా కొట్టివేయి' అని పూర్తిగా రాయండి. కొట్టాక పీడీబీఎడిట్ (pdbedit) మైనస్ పెద్ద ఎల్ (-L) తో సాంబా ఖాతాల జాబితా తెప్పించి, పేరు నిజంగా పోయిందో లేదో చూడమని దాని కిందే రాయండి.