యాత్రా సందేహాలు: గయలో పని అయ్యాక బోధ్‌గయ ఆరామాలు

ప్రశ్న: వచ్చే మాఘంలో మా మామగారి పిండప్రదానానికి గయ వెళ్తున్నాం. మావారు, నేను, 74 ఏళ్ల అత్తగారు. గయలో పని ఒక్కరోజులో అయిపోతుందట. మర్నాడు రాత్రి దాకా రైలు లేదు. బోధ్‌గయ చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. శ్రాద్ధం పెట్టిన వెంటనే బౌద్ధుల గుళ్లకు వెళ్లకూడదని మా ఆడపడుచు అంటోంది. అక్కడ దేశానికొక ఆరామం ఉందట. అన్నీ చూడటానికి ఎంతసేపు పడుతుంది? లోపల ఎలా మెలగాలి? కానుక ఎంత ఇవ్వాలి?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: ముందు మీ ఆడపడుచుగారి సంగతి తేల్చేద్దాం, లేకపోతే తిరిగొచ్చాక కూడా ఆ మాట మిమ్మల్ని వదలదు. గయాశ్రాద్ధాన్ని పూర్తి పద్ధతిలో 17 రోజులు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనం రైలు టికెట్టు చూసుకుని ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటంతో సరిపెట్టుకుంటాం గానీ, వాళ్లు తిరిగే పిండవేదికల్లో ధర్మారణ్యం, మతంగవాపి, బోధ్‌గయలోని రావిచెట్టు కూడా ఉన్నాయి. పితృపక్షాల్లో మహాబోధి ఆలయ ఆవరణలోనే ఒకవైపు భిక్షువులు సూత్రాలు చదువుతుంటే మరోవైపు ధోవతులు కట్టుకున్నవాళ్లు పిండాలు పెడుతుంటారు. పైగా రెండు చోట్లా ఒకటే నీళ్లు. బోధ్‌గయ పక్కన పారే నిరంజన నదే మోహన నదితో కలిసి గయకు వచ్చేసరికి ఫల్గు అవుతుంది. కాబట్టి నిశ్చింతగా వెళ్లండి.

ఇక ‘అన్నీ చూడటం’ గురించి. నేను మొదటిసారి వెళ్లింది మా అమ్మ పిండప్రదానానికి, 30 మందితో కలిసి యాత్రల బస్సులో. బస్సు నడిపించే అతను మాకు రెండు గంటల్లో ఏడు దేశాలు చూపించాడు. ఆ రాత్రి లాడ్జిలో మా అన్నయ్య, ‘ఇంతకీ ఆ ఎర్ర పెంకుల వంపు కప్పు జపాన్ వాళ్లదా, థాయిలాండ్ వాళ్లదా?’ అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయాం. చెప్పులు విప్పడం, తొడుక్కోవడం మాత్రం అందరికీ బాగా గుర్తుంది. ఆ ఉక్రోషంతోనే మూడేళ్ల తర్వాత ఒక్కదాన్నే వెళ్లి నాలుగు రోజులు ఉన్నాను. (అది థాయి వాళ్లదే.)

ఈ దేశానికొక ఆరామం ఏమిటని మీకూ అనిపించవచ్చు. కాశీలో మనకు ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం ఎందుకున్నాయో ఇవీ అందుకే ఉన్నాయి. పరాయిచోట మన భాష మాట్లాడేవాడు, మన తిండి వండేవాడు ఉంటే ప్రాణం లేచివస్తుంది కదా. 4వ శతాబ్దంలో సింహళం (శ్రీలంక) నుంచి బోధ్‌గయకు వచ్చిన భిక్షువులు తలదాచుకునే చోటు లేక నానా అవస్థలు పడి, వెనక్కి వెళ్లి తమ రాజు మేఘవర్ణుడికి మొరపెట్టుకున్నారట. ఆయన అప్పటి గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడికి కానుకలు పంపి, అనుమతి తీసుకుని అక్కడ విహారం కట్టించాడు. అంతకుముందే, 3వ శతాబ్దంలో, మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. సింహళ భిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధ భక్తురాలు) అక్కడ చైత్యగృహం, అంటే ప్రార్థనామందిరం, కట్టించినట్టు శాసనం ఉంది. ఇప్పుడు బోధ్‌గయలో కనిపించే ఆరామాలు చాలావరకు 20వ శతాబ్దంవి. బుద్ధుడి 2500వ జయంతి ఉత్సవాలు 1956లో జరిగాయి, ఆ సందడిలో మొదలైనదే థాయి ఆరామం.

తెల్లవారుజామునే బయలుదేరండి. గయ స్టేషన్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. మహాబోధి ఆలయం 5 గంటలకు తెరుస్తారు. 2013లో బాంబులు పేలిన తర్వాత లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వడం లేదు, బయట లాకర్లో పెట్టాలి. మీవారు నొచ్చుకుంటారేమో అనుకోకండి, గంట తర్వాత ఆయనే మరిచిపోతారు. మాఘంలో టిబెట్ వాళ్లు ఎక్కువగా ఉంటారు. మనిషి పొడవు చెక్కపలక వేసుకుని, దాని మీద సాష్టాంగపడి లేస్తుంటారు. అరచేతులు జారడానికి గుడ్డముక్కలు కట్టుకుంటారు. పక్కన కూర్చుని కళ్లు మూసుకుంటే అది సర్రు సర్రుమని వడ్రంగి చిత్రిక పట్టినట్టే వినిపిస్తుంది. మీ అత్తగారిని అక్కడ ఒక అరగంట కూర్చోనివ్వండి.

ఆ తర్వాత మూడే మూడు ఆరామాలు చూడండి. చాలా ఆరామాలు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసి ఉంటాయి కనుక అంతకన్నా కుదరదు కూడా. నన్నడిగితే థాయి, భూటాన్, టిబెట్. జపాన్ వాళ్లు 1989లో నిలబెట్టిన 80 అడుగుల బుద్ధుడు దారిలోనే కనిపిస్తాడు, దణ్ణం పెట్టుకుని సాగిపోవచ్చు. భూటాన్ ఆరామంలో మాత్రం తొందరపడకండి. లోపలి గోడల మీద బుద్ధుడి కథంతా మట్టితో ఉబ్బెత్తుగా చేసి రంగులు వేశారు. కొండపల్లి బొమ్మలు గోడలోంచి తల బయటపెట్టి చూస్తున్నట్టు ఉంటాయి.

మెలగడం అంటారా, మన గుడికి వెళ్లినట్టే వెళ్లండి, కొన్ని తేడాలు గుర్తు పెట్టుకోండి. బుద్ధుడి వైపు కాళ్లు చాపకూడదు. మోకాళ్లు వంగకపోతే అత్తగారు కుర్చీ అడిగి కూర్చోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ప్రార్థనా చక్రాలు కుడిచేత్తో, ప్రదక్షిణ చేసే దిక్కులోనే తిప్పాలి. థాయి భిక్షువులకు ఆడవాళ్లు ఏదీ నేరుగా చేతికి ఇవ్వకూడదు. ఆయన ముందు గుడ్డ పరిస్తే దాని మీద పెట్టాలి. అది మన మీద చిన్నచూపు కాదు, ఆయన నియమం. శఠగోపం, తీర్థం ఉండవని అత్తగారికి ముందే చెప్పండి.

టిబెట్ ఆరామంలో ప్రార్థన జరుగుతుంటే గోడవారగా కూర్చోవచ్చు. నేను అలాగే కూర్చుంటే ఒక కుర్ర లామా పెద్ద కెటిల్‌తో వరసగా పోసుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. అందరి దగ్గరా సొంత గిన్నెలున్నాయి, నా దగ్గర మంచినీళ్ల సీసా మూత తప్ప ఏమీ లేదు. అతను నవ్వాపుకుంటూ ఎక్కడి నుంచో ఒక గిన్నె తెచ్చి పోశాడు. టీ అనుకుని గుక్కెడు తాగితే, చారులో వెన్న కరిగించినట్టు ఉప్పగా ఉంది! మర్యాదకని కళ్లు మూసుకుని మొత్తం తాగేశాను. అదే పొరపాటు. గిన్నె ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. చాలనుకుంటే కొంచెం మిగల్చాలి.

కానుక సంగతి సులువు. ఊళ్లో గుడి హుండీలో ఎంత వేస్తారో అంతే వేయండి, లోపలున్న పెట్టెలోనే వేయండి. బయట బడి పేరో అనాథల పేరో చెప్పి రసీదు పుస్తకంతో వెంటపడేవాళ్లకు ఇవ్వకండి. నేను ఇచ్చాను, అందుకే చెబుతున్నాను. రాత్రికి ఆరామంలో గది దొరికితే ‘అద్దె లేదు, మీ ఇష్టం’ అంటారు. ఆ మాట పట్టుకుని 50 రూపాయలు పెట్టి వచ్చేయకండి, అలాంటి గదికి బయట ఎంత అవుతుందో అంత ఇవ్వండి. మాఘంలో అక్కడ పొగమంచు, రైళ్లు గంటల తరబడి ఆలస్యం. అత్తగారికి రెండు శాలువాలు పెట్టండి.

ప్రశ్న: బోధివృక్షం ఆకు తెచ్చుకోవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కోయకూడదు. రాలితే ఏరుకోవచ్చు, కానీ రాలాలి కదా! నా కళ్ల ముందు ఒక ఆకు గిరికీలు కొడుతూ దిగుతుంటే, తెల్లచీర కట్టిన సింహళ అవ్వ, థాయి యువకుడు, ఈ వయసులో నేను, ముగ్గురం పరుగెత్తాం. అవ్వ గెలిచింది. బయట ఆకులు అమ్ముతారు, అవి ఏ రావిచెట్టువో అడగకండి. అసలు ఇప్పుడున్న చెట్టు కూడా బుద్ధుడు కూర్చున్న నాటిది కాదు. 1876లో పాత చెట్టు కూలిపోయాక బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ నాటించిన మొక్క ఇది.

ప్రశ్న: గయలో ఒక కూర, ఒక పండు వదిలేశాను. ఆరామంలో ప్రసాదంగా అదే పండు ఇస్తే తినవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నవ్వకండి, ఇది నాకు జరిగింది. అక్షయవటం కింద జామపండు వదిలి వచ్చిన మర్నాడే ఒక వృద్ధ భిక్షువు బుద్ధుడి ముందున్న పళ్లెంలోంచి జామపండు తీసి నా ముందు పెట్టారు. వద్దంటే ఆయన నొచ్చుకుంటారు, తింటే నా మాట పోతుంది. కొంగున కట్టుకుని తెచ్చి రైల్లో ఎదురు సీటు పిల్లవాడికి ఇచ్చాను. మీరూ అలాగే చేయండి. మా పెద్దక్కకు ఈ బాధ లేదు. ఆవిడ సీమచింతకాయ, కాకరకాయ వదిలింది. కాకరకాయ ఆవిడకు పుట్టినప్పటినుంచీ పడదు.