స్పీచ్ థెరపిస్టులు, ఆడియాలజిస్టుల సంఘంలో చేరితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: స్పీచ్ థెరపీ, ఆడియాలజీ కోర్సు ఈమధ్యే పూర్తయింది, చిన్న క్లినిక్‌లో ఒక్కరే పనిచేస్తున్నారు, రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంది, మళ్లీ ఏటా డబ్బు కట్టి వృత్తి సంఘంలో చేరడం అవసరమా అని. చేరండి. ఒక్కరే పనిచేస్తున్నారు కాబట్టి తప్పకుండా చేరండి. నేనూ చాలా ఏళ్లు ఒంటరిగా పనిచేసిన స్పీచ్ థెరపిస్టునే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఒక తేడా తేల్చుకుందాం. రిజిస్ట్రేషన్ ఇచ్చేది సాధారణంగా చట్టం కింద ఏర్పడిన మండలి. అర్హత లేనివాళ్లు వైద్యం చేయకుండా చూడటం, ఫిర్యాదులు వస్తే విచారించడం దాని పని. అది ఉన్నది పేషెంట్ల కోసం. సంఘం మనవాళ్లు కలిసి పెట్టుకున్నది. చదువు కొనసాగించడం, పని ఎలా చేయాలో ప్రమాణాలు రాసుకోవడం, ప్రభుత్వాలతో మాట్లాడటం, ఒకరికొకరు అండగా ఉండటం దాని పనులు. చాలాచోట్ల ఈ రెండూ వేర్వేరు. ఆస్ట్రేలియాలో మాత్రం స్పీచ్ పాథాలజిస్టులకు సంఘం ఇచ్చే సర్టిఫికేషనే అర్హతకు గుర్తింపుగా చెల్లుతుంది. కాబట్టి మీరు పనిచేసే చోట నియమం ఏమిటో ముందు చూసుకోండి. సభ్యత్వం కార్డు చేతికొచ్చిందని లైసెన్సు వచ్చేసినట్టు అనుకోవద్దు.

ఇక నా అనుభవం. నా దగ్గరికి మూడేళ్లు నిండని ఒక బాబును తీసుకొచ్చారు. మాటలు రావట్లేదు. ఫైల్లో అన్నిటికన్నా పైన ఓఏఈ అనే వినికిడి పరీక్ష రిపోర్టు, రెండు చెవులూ ‘పాస్’. చెవులు బాగానే ఉన్నాయి, ఇక మాటలు నేర్పడమే మిగిలింది అని అందరి ధీమా. గదిలో కాసేపు చూస్తే నాకది పొసగలేదు. ఫ్యాను ఆపి, అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వెనకనుంచి పిలిస్తే తిరిగి చూసేవాడు. ఫ్యాను తిరుగుతూ, పక్కన వాళ్లక్క కబుర్లు చెబుతూ ఉంటే అదే పిలుపుకు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తలుపు చప్పుడైతే మాత్రం చటుక్కున చూసేవాడు. ఒకరోజు బాగా విన్నట్టు, ఇంకోరోజు అసలు విననట్టు. ‘మొండివాడండీ, కావాలనే పలకడు’ అని వాళ్లమ్మ అంటూంటే ఆమె గొంతులో అలసట తెలిసిపోయేది.

మా సంఘం స్థానిక శాఖలో నెలకోసారి కేసుల చర్చ ఉండేది. పేరు, ఊరు, ఏ వివరమూ లేకుండా, తల్లిదండ్రుల అనుమతితో ఈ కేసు అక్కడ పెట్టాను. నేను చెప్పడం ఇంకా పూర్తికాకముందే వెనక వరసలోంచి ఒక సీనియర్ ఆడియాలజిస్టు, ‘ఓఏఈ సరే, ఏబీఆర్ చేశారా? పుట్టినప్పుడు కామెర్లు బాగా ముదిరాయా?’ అని అడిగారు. ఏబీఆర్ అనే ఆ రెండో పరీక్ష ఎవరూ చేయలేదు. కామెర్ల సంగతి తర్వాత కనుక్కుంటే, ముదిరాయి.

ఆమె ప్రశ్న వెనక ఉన్నది ఇదీ. ఓఏఈ పరీక్ష లోచెవిలోని బయటి రోమకణాలు పనిచేస్తున్నాయా లేదా అన్నంతవరకే చెబుతుంది. అక్కడినుంచి శబ్దం నరం మీదుగా మెదడుకు సరిగ్గా చేరుతోందా అన్నది ఆ పరీక్షకు అందదు. దానికి తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి చేసే ఏబీఆర్ కావాలి. ఓఏఈ బాగుండి, ఏబీఆర్‌లో తరంగాలు రాకపోయినా, వచ్చినా గజిబిజిగా ఉన్నా ఆడిటరీ న్యూరోపతిని అనుమానించాలి. అలాంటి పిల్లలకు శబ్దం వినపడుతుంది గానీ మాట విడిగా తెలియదు. చుట్టూ చప్పుడుంటే మరీ కష్టం. నవజాత శిశువుగా ఉన్నప్పుడు కామెర్లు ముదరడం, నెలలు నిండకుండా పుట్టడం లాంటివి దీనికి తెలిసిన కారణాల్లో కొన్ని.

బాబుకు ఏబీఆర్ చేస్తే తరంగాలు రాలేదు. అక్కడినుంచి దారి మారింది. మాటతోపాటు సైగలు, బొమ్మలు మొదటిరోజు నుంచే కలిపాం. వినికిడి సంగతి ఆడియాలజిస్టు, ఈఎన్‌టీ డాక్టరు కలిసి చూసుకున్నారు. ఇంట్లో పిల్లాడితో మాట్లాడేటప్పుడు టీవీ ఆపడం, ఎదురుగా కూర్చుని మాట్లాడటం మొదలైంది. వాళ్లమ్మ ‘మొండివాడు’ అనడం మానేసింది. నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

నాకు అనుమానమైతే వచ్చింది. ఆ అనుమానం ఎటు వెళ్లాలో చెప్పింది పక్క వృత్తిలోని మనిషి. రెండు వృత్తులూ ఒకే కప్పు కింద ఉండబట్టి ఆవిడ ఆ గదిలో ఉన్నారు. ఇది అన్ని దేశాల్లో ఇలాగే లేదు. మాట సమస్యల వైద్యుడు ఎమిల్ ఫ్రోషెల్స్ చొరవతో వియన్నాలో ఈ రంగానికి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది 1924లో, అమెరికా సంఘం మొదలైంది 1925లో. అప్పుడు అమెరికా సంఘంలో ఉన్నదంతా మాటకు సంబంధించిన పనే. రెండో ప్రపంచయుద్ధంలో వినికిడి పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికులకు సాయం చేయాల్సి రావడంతో ఆడియాలజీ ఊపందుకుంది. 1947లో అమెరికా సంఘం తన పేరులో వినికిడిని కూడా చేర్చుకుంది. బ్రిటన్‌లో 1945లో వచ్చిన సంస్థ స్పీచ్ థెరపిస్టులకు మాత్రమే, ఆడియాలజిస్టుల దారి వేరు. మీ దగ్గర రెండూ కలిసి ఉంటే అదృష్టమే. విడిగా ఉంటే అవతలి సంఘం సమావేశాలకు కూడా అతిథిగా వెళ్లే వీలుందేమో అడగండి.

రెండో ఉపయోగం, ‘వద్దు’ అని చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. మాట రాని పెద్దపిల్లాడి తండ్రి ఒకాయన ఒక వీడియో చూపించారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి పిల్లవాడి చెయ్యి పట్టుకుని అక్షరాల మీద వేలు పెట్టిస్తుంటే వాక్యాలకు వాక్యాలు వచ్చేస్తున్నాయి. మా వాడికీ ఇదే చేయించండి అని ఆయన కళ్లనిండా ఆశ. ఆ ఆశమీద నీళ్లు చల్లడం ఎంత కష్టమో మీకూ తొందర్లోనే తెలుస్తుంది. దీన్ని ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అంటారు. పిల్లవాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవారికి వేరే బొమ్మ చూపించి పరీక్షించినప్పుడు, చెయ్యి పట్టుకున్నవారు చూసిన బొమ్మ పేరే అక్షరాల్లోకి వచ్చిందని 1990ల్లోనే తేలింది. అమెరికా సంఘం 2018లో దీన్ని వాడవద్దని స్పష్టంగా ప్రకటించింది. ఆ ప్రకటన ప్రింటు తీసి, ఆయన పక్కనే కూర్చుని పేరా పేరా చదివి చెప్పాను. ‘అయితే ఇది మీ ఒక్కరి అభిప్రాయం కాదన్నమాట’ అన్నారాయన. ఆ తర్వాత అబ్బాయి తన చేత్తో తానే చూపించే బొమ్మల పుస్తకంతో మొదలుపెట్టాం. మొదట వచ్చినవి ‘ఇంకా’, ‘చాలు’, ‘బయటికి’. అన్నీ వాడి సొంత మాటలే.

శిక్షణ తరగతుల గురించి కూడా అడిగారు. అన్నీ ఒకేలా ఉండవు. చేత్తో చేయించేవాటికి వెళ్లండి. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ద్రవాలు ఎంత చిక్కగా ఇవ్వాలనే తరగతి నాకు బాగా పనికొచ్చింది. ‘కొంచెం చిక్కగా’ అని రాస్తే నర్సుకు ఒక అర్థం, ఇంట్లోవాళ్లకు ఇంకో అర్థం. ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఆహారానికి, ద్రవాలకు కలిపి 0 నుంచి 7 వరకు స్థాయిలున్నాయి. కారే ద్రవాల చిక్కదనం కొలవడానికి 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు: కింద వేలు అడ్డుపెట్టి నింపి, వేలు తీసి, సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూసి, ఎంత మిగిలిందో చూడాలి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే స్థాయి 1, 4 నుంచి 8 మిగిలితే స్థాయి 2, అంతకన్నా ఎక్కువ మిగిలి, కొద్దిగానైనా కారుతూ ఉంటే స్థాయి 3. సిరంజి కొలతలన్నీ ఒకలా ఉండవు కాబట్టి, 0 నుంచి 10 వరకు ఉన్న గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లేనా అని ముందే చూసుకోమని కూడా ఆ తరగతిలోనే చెప్పారు. పక్షవాతంతో మింగడం కష్టమైన పెద్దాయన ఇంట్లో ఆయన కోడలికి ఇది నేర్పిస్తే ఒక్క పూటలో వచ్చేసింది. ఇక రోజూ ఫోన్‌లో టెన్షన్ లేదు.

నచ్చని సంగతులూ ఉన్నాయి, దాచను. పెద్ద సదస్సుల్లో వినికిడి యంత్రాల కంపెనీల హడావిడి ఎక్కువ. ఉపన్యాసం వినేముందు ఖర్చు ఎవరిదో చూడండి. ఎన్నికలప్పుడు వర్గాలు ఉంటాయి, వాటి జోలికి పోకుండానే బోలెడంత నేర్చుకోవచ్చు. సంఘం ఉద్యోగం ఇప్పిస్తుందని ఆశపడకండి. విదేశాలకు వెళ్లడం తేలికవుతుందా అన్నారు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సంఘాల మధ్య సర్టిఫికెట్ల గుర్తింపు ఒప్పందం ఉంది గానీ, అది స్పీచ్ వైపే, దానికీ షరతులున్నాయి. ఆ ఒక్క కారణంతోనే అయితే చేరవద్దు.

డబ్బు కట్టేముందు మీకు దగ్గర్లోని శాఖవాళ్లకు ఫోన్ చేసి అడగండి: కేసుల చర్చలు నిజంగా జరుగుతున్నాయా, కొత్తవాళ్లకు ఒక సీనియర్‌ను జత చేస్తారా, పత్రిక చదివే హక్కు ఉందా, వృత్తి బీమా కలిసొస్తుందా, కొత్తగా చదువు ముగించినవాళ్లకు ఫీజులో తగ్గింపు ఉందా అని. మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలితే ఇంకో శాఖ చూసుకోండి.

చేరాక మొదటి సమావేశానికే ఒక కేసు పట్టుకెళ్లండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, పోల్చుకోగల వివరాలన్నీ తీసేయండి, ఒక పేజీ దాటకుండా రాసుకోండి. రిపోర్టుల్లో ఏముందో తర్వాత చెప్పొచ్చు, మీ కళ్లతో చూసింది ముందు చెప్పండి. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకోండి, ‘ఏం చేయాలి’ అని కాకుండా ‘ఈ రెండూ ఎందుకు పొసగట్లేదు’ లాంటిది.