ఎముక సిమెంట్‌లో మందు కలిపితే పట్టు తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది. మోకాలి కీలు మార్పిడికి యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ వాడతామని డాక్టరుగారు చెప్పారు. మందు కలిపితే సిమెంట్ బలహీనపడదా? ఇన్ఫెక్షన్‌ను అడ్డుకుంటూనే ఇంకా గట్టిగా ఉండే సిమెంట్ ఏదీ రాలేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ సిమెంట్‌కూ ఇళ్లు కట్టే సిమెంట్‌కూ పోలిక లేదు. ఇది పాలిమిథైల్ మెథాక్రిలేట్ అనే యాక్రిలిక్ పదార్థం. ఆపరేషన్ థియేటర్‌లో సుమారు 40 గ్రాముల పొడిలో ఘాటైన వాసన గల ద్రవాన్ని పోసి కలిపితే, మొదట దోసెల పిండిలా జారుతూ ఉండి, కాసేపటికి చేతి తొడుగుకు అంటుకోని ముద్దగా మారుతుంది. సర్జన్ దానిని ఎముకలోకి నొక్కి, లోహపు భాగాన్ని అమర్చి, కదలకుండా పట్టుకుంటారు. పది పదిహేను నిమిషాల్లో అది వేడెక్కుతూ గట్టిపడుతుంది. దీనికి జిగురు గుణం లేదు, ఎముకలోని సన్నని గుల్లల్లోకి చొరబడి అక్కడ బిగుసుకోవడం వల్లనే పట్టు వస్తుంది.

ఇందులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపితే ఆ మందు చుట్టుపక్కలకు ఊరుతుందని హాంబర్గ్ వైద్యులు బుఖ్‌హోల్జ్, ఎంగెల్‌బ్రెక్ట్ 1970లో ప్రచురించారు. మీరు అడిగిన చిక్కు కూడా అక్కడే ఉంది. మందు కరిగి బయటకు పోయిన చోట సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి, ఏళ్ల తరబడి అడుగడుగునా పడే బరువుకు పగుళ్లు మొదలయ్యేది అటువంటి చోట్లనే. అయితే కొత్త కీలు అమర్చేటప్పుడు వాడే సిమెంట్‌లో తయారీదారులే కలిపే మందు ప్యాకెట్‌కు అర గ్రాము నుంచి ఒక గ్రాము వరకే కాబట్టి పట్టు గురించి మీరు ఆందోళన చెందనక్కరలేదు. మూడు నాలుగు గ్రాములు, అంతకు మించి కలిపేది, అప్పటికే చీము పట్టిన కీలులో తాత్కాలికంగా ఉంచే దిమ్మెలకు.

బలహీనత కన్నా నాకు పెద్ద లోపంగా కనిపించేది మందు విడుదలయ్యే తీరు. తొలి కొద్ది రోజుల్లో ఎక్కువగా ఊరి, తరువాత చాలా స్వల్పంగా మాత్రమే వస్తుంది. అధిక భాగం సిమెంట్‌లోనే బందీగా ఉండిపోతుంది. ఆ స్వల్ప మోతాదు సూక్ష్మజీవులను చంపలేకపోగా, మందుకు లొంగని రకాలను పెంచే ప్రమాదం ఉంది. అందుకే యాంటీబయాటిక్‌కు బదులుగా వెండి నానోకణాలను (అతి సూక్ష్మమైన రేణువులను), రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను, సిమెంట్ పదార్థానికే అతుక్కుని ఉండి సూక్ష్మజీవులను చంపే క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనాలను పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. పగుళ్లు సాగకుండా కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు), గ్రాఫీన్ (అతి పలుచని కార్బన్ పొర) కలిపి చూస్తున్నారు. ఇవి ఆకర్షణీయంగా కనిపించినా, నానోకణాలు సరిగా కలవక గుంపుకడితే ఆ గుంపే పగులుకు మొదలవుతుంది, వెండి మోతాదు మించితే ఎముక కణాలకూ హాని చేస్తుంది, గట్టిపడే సమయం మారితే సర్జన్ చేతికి లొంగదు. ప్రయోగశాలలో కొన్ని వారాల పరీక్షను, శరీరంలో పదిహేనేళ్ల మన్నికతో సమానంగా చూడలేం. గాలి బుడగలు తగ్గించేందుకు వాక్యూమ్‌లో కలపడం మాత్రం ఇప్పటికే ఆచరణలో ఉంది.

షుగరు ఉన్నవారికి ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ గనుక మీ డాక్టరుగారి నిర్ణయం సబబే. జెంటామైసిన్ జాతి మందులు అమ్మగారికి ఎప్పుడైనా పడకపోయి ఉంటే ముందే చెప్పండి. ఆపరేషన్‌కు ముందు, గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, పంటి చీము, కాలి పుండ్ల వంటివేమైనా ఉంటే పూర్తిగా మాన్పించుకోండి.