పరామర్శకు వెళ్లినప్పుడు ముందు వినండి

బ్రదర్ గారూ, వందనాలు. పరకాల దగ్గర భర్తను పోగొట్టుకున్న పత్తి రైతు కుటుంబపు సోదరి, మీరు వాక్యం చదివి ప్రార్థన చేసి వచ్చిన తరువాత మందిరానికి రావడమే మానేశారని రాశారు. లోపం వాక్యంలో లేదు, తొందరలో ఉందని నా అభిప్రాయం. బైబిల్లో, బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు 7 పగళ్లు, 7 రాత్రులు నేలపై మౌనంగా కూర్చున్నంతవరకు ఆయనకు తోడుగానే ఉన్నారు. ఆయన కష్టానికి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే భారమయ్యారు. తిరిగి లేచిన యేసు, ఎమ్మాయు అనే ఊరి దారిలో తన మరణానికి దుఃఖపడుతున్న ఇద్దరు శిష్యులను, జరిగినదంతా తెలిసి కూడా, ఏం జరిగిందని అడిగి, వారి మాట పూర్తయ్యాకే లేఖనాలు వివరించారు. కాబట్టి ఈసారి మీ భార్యగారిని వెంటబెట్టుకొని, పత్తి ఏరే పని లేని పూట వెళ్లి, "ఎట్లున్నవు చెల్లే" అని అడిగి ఊరుకోండి. అప్పుల మాట వస్తే వెంటనే సలహా ఇవ్వకండి. ఆమె చెప్పినది ప్రసంగంలో ఉదాహరణగా అస్సలు వాడకండి (మనలో చాలామంది చేసే తప్పు ఇదే). ప్రార్థన ఆమె అడిగినప్పుడు, ఆమె మాటలతోనే చేయండి.