హనుమకొండలో మా కాలనీ చెట్లను పైనుంచి లెక్కపెట్టినప్పుడు

కాజీపేటలో మీ కాలనీ చెట్లను డ్రోన్ ఫొటోలు, కృత్రిమ మేధ సాయంతో లెక్కపెట్టవచ్చా, ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు అని అడిగారు. లెక్కపెట్టవచ్చు. కానీ ‘ఎన్ని చెట్లు’ అనే ప్రశ్న పక్కన పెట్టి, ‘ఎంత నీడ’ అని అడగండి. హనుమకొండలో మా కాలనీకి ఈ పని చేసిన నలుగురిలో నేనొకడిని. ఈ మాట మాకు తప్పులు చేశాకే తెలిసింది.

మొదటిసారి శివరాత్రి దాటాక డ్రోన్ ఎగరేశాం. వేపలు ఆకు రాల్చే రోజులవి. మా వీధిలో సగం చెట్లు వేపలే. బోడి కొమ్మల సందుల్లోంచి సిమెంటు రోడ్డు కనిపిస్తుంటే కంప్యూటర్ వాటిని చెట్లుగా గుర్తించనేలేదు. బతుకమ్మ పండుగ అయ్యాక, వానలు తెరిపిచ్చాక మళ్లీ తీస్తే అవే వేపలు నిండుగా వచ్చాయి. మధ్యాహ్నానికి దగ్గరగా తీయండి. మా మొదటి ఫొటోల్లో పొద్దుటి నీడలు చెట్ల కంటే పెద్దవి.

డీప్‌ఫారెస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. అది అమెరికా అడవుల వైమానిక చిత్రాలతో నేర్చుకున్నది. వేపను, కానుగను బాగానే పట్టింది. తాటిచెట్టు దగ్గర తెల్లమొహం వేసింది. పార్కు మూలనున్న నిద్రగన్నేరు గొడుగును నాలుగు చెట్లుగా, కొమ్మలు కలిసిపోయిన రెండు చింతలను ఒకటిగా రాసింది. డాబాల మీద మొక్కల కోసం కట్టిన ఆకుపచ్చ షేడ్ నెట్లనూ చెట్లే అంది! మా ఫొటోల మీద ఒక్కో చెట్టు చుట్టూ చేత్తో పెట్టెలు గీసి మళ్లీ నేర్పించాక కొంత దారికి వచ్చింది. అయినా సంఖ్య వదిలేసి, కొమ్మలు కప్పిన విస్తీర్ణాన్నే లెక్కగట్టాం.

మామూలు కెమెరాతో ఇంతే, పచ్చరంగు ఏదైనా చెట్టులాగే కనిపిస్తుంది. దాన్ని విడదీయాలంటే కంటికి కనిపించని కాంతి కూడా చూడాలి. బతికిన ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని బలంగా తిప్పి పంపుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనాన్ని చెప్పే కొలత. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఇందుకు ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటిలో ఒక్కో గడి 10 మీటర్లు. ఊరికి సరిపోతుంది, వీధికి కాదు. పైగా ఆ పటంలో భద్రకాళి చెరువు అంచు దట్టమైన అడవిలా వెలిగింది. తీరా చూస్తే గుర్రపుడెక్క. అదీ బతికిన ఆకే కదా, పరారుణం ఏం చేస్తుంది?

చెట్టును అలాంటి పచ్చదనం నుంచి విడదీయాలంటే ఎత్తు కావాలి. డ్రోన్ ఫొటోలను ఒకదాని మీద ఒకటి ముప్పావు వంతు కలిసేలా తీస్తే వాటి నుంచే ఎత్తు కూడా కట్టవచ్చు. మేము మూడు మీటర్ల లోపు పచ్చదనాన్ని తీసేశాం. షేడ్ నెట్లు మాత్రం డాబా ఎత్తున ఉండి తప్పించుకున్నాయి, వాటిని చేత్తో చెరిపాం.

ఎగరేసే ముందు కేంద్ర ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై పటంలో మీ ప్రాంతం ఏ జోనులో ఉందో చూసుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోనులో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు.

తర్వాత రిజిస్టరు పట్టుకుని వీధులు తిరగండి. మా లెక్కలో వేప, సర్కారు తుమ్మ ఒకే ఖాతాలో పడ్డాయి, తిరిగితేనే విడదీయగలిగాం. అలా వెళ్తుంటే ఒక పెద్దాయన గేటు దగ్గర ఆపి, “మా వేప వచ్చిందా బాబూ?” అని అడిగారు. ఫోనులో చూపించాను. పటంలో పచ్చగా ఉంది. ఆయన వెనక్కి తిరిగి మోడు చూపించారు. కరెంటు తీగలకు తగులుతోందని అంతకు ముందు వారమే కొట్టేశారట. ఫొటో తీసిన తేదీ మాత్రం పటం మీద తప్పకుండా వేయండి.