సూపర్ ఫాల్కన్స్ చరిత్ర రాయబోతున్న మా కోడలికి

కోడలా,

నైజీరియా ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు సూపర్ ఫాల్కన్స్ చరిత్ర తెలుగులో రాస్తానని నువ్వు పంపిన మెసేజూ, దాంతోపాటు పెట్టిన ప్లానూ రెండూ చదివాను. చాలా సంతోషంగా ఉంది. ఆఫ్రికా ఆడపిల్లల ఆట గురించి మన భాషలో నాలుగు పేరాలు దాటి రాసినవాళ్లు అరుదు, నువ్వు రాస్తే అందరికంటే ముందు చదివేది నేనే. కాకపోతే ఆ ప్లాన్ మాత్రం మార్చాలి. వాళ్లు గెలిచిన ఆఫ్రికా మహిళల కప్పులకు 1998 కప్పు, 2000 కప్పు, 2002 కప్పు అంటూ వరసగా పది హెడ్డింగులు పెట్టావు. అలా రాస్తే మూడో హెడ్డింగు దగ్గరే చదివేవాళ్లు ఫోన్ పక్కన పెట్టేస్తారు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే ఆ జట్టు కథలో అసలైన భాగం నీ వ్యాసంలోకి రాకుండానే పోతుంది. అది డబ్బు సంగతి. కప్పు గెలిచాక దానికి రావాల్సిన బోనస్ కోసం ఆ అమ్మాయిలు హోటళ్లలో బైఠాయించిన సంగతి. దాన్ని చివర్లో "వివాదాలు" అని వేరే భాగం పెట్టి రాయొద్దు, ఏ కప్పు గురించి రాస్తున్నావో అదే పేరాలో రాయి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

మొదలు 1998లో పెట్టకు, 1991లో పెట్టు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సొంతగడ్డ మీద ఘనాను 5-1తో ఓడించడంతో ఈ జట్టు ప్రయాణం మొదలైంది, నవంబరు వచ్చేసరికి చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచకప్‌లో ఆఫ్రికా తరఫున దిగింది. పది నెలలు కూడా కాలేదన్నమాట. అక్కడ జర్మనీ చేతిలో 0-4, ఇటలీ చేతిలో 0-1, చైనీస్ తైపీ చేతిలో 0-2, మొత్తం మీద ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అప్పట్లో ఆడవాళ్లకు మ్యాచ్ 80 నిమిషాలే పెట్టారు, 90 ఆడలేరని కాబోలు వాళ్ల లెక్క, ఈ ముక్క తప్పకుండా రాయి. ఆ జట్టు కోచ్ డచ్చాయన జో బాన్‌ఫ్రేర్, ఐదేళ్ల తర్వాత అట్లాంటాలో నైజీరియా మగవాళ్లకు ఒలింపిక్ స్వర్ణం అందించిన ఆయనే. అట్లాంటా సంగతి చాలామందికి తెలుసు, చైనా సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

కప్పుల లెక్క దగ్గర జాగ్రత్త. 1991, 1995లలో ఆఫ్రికాలో జరిగినవి ఒక చోట కూడి ఆడిన టోర్నీలు కావు, ప్రపంచకప్ అర్హత కోసం ఇంటా బయటా ఆడిన మ్యాచులు. రెండుసార్లూ నైజీరియానే గెలిచింది. అవి కలుపుకుంటే ఒక లెక్క, 1998లో నైజీరియాలో జరిగిన మొదటి అసలు టోర్నీ నుంచి లెక్కేస్తే ఇంకో లెక్క. ఒకచోట పది, ఇంకోచోట పన్నెండు కనిపిస్తే రెండూ తప్పు కాదు. నువ్వు ఏది వాడుతున్నావో మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పేసి చివరిదాకా దానికే కట్టుబడు. తేదీలది ఇంకో చిక్కు. పదో కప్పు పేరు 2024 టోర్నీ, ఆడింది మాత్రం 2025 జూలైలో, మొరాకోలో. 2020 టోర్నీ కరోనా వల్ల రద్దయింది. కాబట్టి రెండేళ్లకొకటి చొప్పున గుణించుకుంటూ పోతే తప్పులో కాలేస్తావు.

1995లో స్వీడన్‌లో నార్వే చేతిలో 0-8 ఓటమిని ఒక్క వాక్యంలో దాటెయ్, ఆ ఏడాది ప్రపంచకప్ గెలిచింది నార్వేనే. ఆ తర్వాత కెనడాతో 3-3 డ్రా చేసుకున్నారు, ప్రపంచకప్‌లో వాళ్లకు మొదటి పాయింటు అదే, దానికి ఇంకో వాక్యం ఇవ్వు. కానీ 1999 దగ్గరికొచ్చేసరికి తొందరపడకు, ఎంత చోటు కావాలంటే అంత తీసుకో. అమెరికాలో జరిగిన ఆ ప్రపంచకప్‌లో ఉత్తర కొరియాను 2-1తో, డెన్మార్క్‌ను 2-0తో ఓడించారు. మధ్యలో చికాగోలో 65 వేల మంది ముందు ఆతిథ్య జట్టుతో ఆడినప్పుడు ముందు గోల్ కొట్టింది నైజీరియానే, రెండో నిమిషంలోనే ఎన్‌కిరు ఒకోసియేమె కొట్టింది. ఆ తర్వాత అమెరికా ఏడు కొట్టింది, అది వేరే సంగతి. అయినా ఆఫ్రికా నుంచి ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ చేరిన మొదటి మహిళల జట్టు అయ్యింది. క్వార్టర్స్‌లో బ్రెజిల్‌తో ఆట సగమయ్యేసరికి 0-3. అక్కడితో అయిపోయిందనుకుంటాం కదా, రెండో సగంలో ప్రిస్కా ఎమెఘారా ఒకటి, ఒకోసియేమె ఒకటి, ఆఖర్లో ఎన్‌కెచి ఎగ్బే ఒకటి, 3-3. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే ఆట అన్న గోల్డెన్ గోల్ నిబంధన ఉన్న రోజులవి, 104వ నిమిషంలో సిస్సీ ఫ్రీకిక్‌తో బ్రెజిల్ బయటపడింది. ఓడిన మ్యాచే, కానీ ఈ జట్టు ఎలాంటిదో చెప్పాలంటే ఏ కప్పు ఫైనల్ కంటే ఇది ముందు చెప్పాలి. వీడియో దొరికితే మొత్తం చూసి రాయి, గోల్స్ ముక్కలు మాత్రం చూసి రాయకు. ఆ ఫలితంతోనే 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లారు, ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి ఆఫ్రికా మహిళల ఫుట్‌బాల్ జట్టు కూడా వీళ్లదే.

ఈ ఆడపిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో కూడా కాస్త చెప్పు. జాతీయ జట్టు గాల్లోంచి ఊడిపడదు. వారీ ఊరి ఉఫువోమా బేబ్స్, కలబార్‌లో పెలికన్ స్టార్స్, పోర్ట్ హార్‌కోర్ట్‌లో రివర్స్ ఏంజెల్స్, ఇలాంటి క్లబ్బుల్లో తయారయ్యారు. మెర్సీ అకిడే ఒక్కదాని కథ తీసుకుంటే చాలు, జెగెడె బేబ్స్ నుంచి ఉఫువోమా మీదుగా పెలికన్ స్టార్స్ దాకా, అక్కణ్ణుంచి అమెరికా లీగ్ దాకా వెళ్లింది, 2001లో ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి అవార్డు మొదలుపెడితే అది అందుకున్న మొదటి మనిషి ఆవిడే.

ఇక డబ్బు సంగతి. 2004లో దక్షిణాఫ్రికాలో ఫైనల్లో కామెరూన్‌ను 5-0తో చిత్తు చేశారు, అందులో నాలుగు గోల్స్ పెర్పెటువా ఎన్‌క్వోచావే. ఫైనల్లో నాలుగు గోల్స్ అంటే మామూలు మాటా! ఆ కప్పు చేతిలో పెట్టుకుని, బోనస్ ఇచ్చేదాకా హోటల్ ఖాళీ చేసేది లేదని అక్కడే కూర్చున్నారు. పన్నెండేళ్లు గడిచాక 2016లో యవుందేలో ఆతిథ్య కామెరూన్‌ను వాళ్ల జనం ముందే 1-0తో ఓడించి వచ్చారు, గోల్ డిజైర్ ఒపరానోజీది, కోచ్ ఫ్లోరెన్స్ ఒమాగ్‌బెమి, ఒకప్పుడు ఇదే జట్టుకు కెప్టెన్‌గా కప్పు ఎత్తినావిడ. తిరిగొచ్చి రాజధాని అబుజాలో హోటల్లో మళ్లీ అదే బైఠాయింపు. బోనస్ ఇచ్చేదాకా కప్పు అప్పగించేది లేదన్నారు, పార్లమెంటు దాకా ప్లకార్డులు పట్టుకుని నడిచారు. అప్పుడు ఆ దేశ క్రీడామంత్రి ఏమన్నాడో తెలుసా, ఈ జట్టు గెలుస్తుందని ఎవరికి తెలుసు, తెలిసుంటే ముందే ఏర్పాటు చేసేవాళ్లం కదా అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ కప్పుకు ముందే, 1998 నుంచి చూసుకున్నా, ఏడుసార్లు గెలిచిన జట్టు గురించి ఆ మాట! ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది. నువ్వు మాత్రం కోపం అంతా రాయక్కర్లేదు, మంత్రి మాటా, ఆ ఏడు అంకే పక్కపక్కన పెట్టు, అవే చాలు. ఆ గెలుపు తర్వాత జట్టుకు ఏడాదికి పైగా ఒక్క మ్యాచ్ కూడా ఏర్పాటు చేయలేదన్నది కూడా కలుపు.

2019లో ఫ్రాన్స్ ప్రపంచకప్‌లో జర్మనీ చేతిలో ఓడి ఇంటికి బయల్దేరాల్సినప్పుడు మళ్లీ హోటల్లోనే కూర్చున్నారు. 2022లో మొరాకోలో మూడో స్థానం మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసు మానేశారు. ఈ రెండింటినీ సాగదీయకు, పేర్చుకుంటూ పో, పాఠకుడికే తెలుస్తుంది ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు కాదని.

2023 దగ్గర మళ్లీ ఆగు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ప్రపంచకప్‌కు బయల్దేరే ముందే కోచ్ రాండీ వాల్డ్రమ్ తనకు నెలల తరబడి జీతం రాలేదని బహిరంగంగా చెప్పేశాడు, ఆటగాళ్లు మొదటి మ్యాచ్ బహిష్కరిస్తారన్న మాట కూడా నడిచింది. అలాంటి టెన్షన్‌లో వెళ్లిన జట్టు ఒలింపిక్ విజేత కెనడాను 0-0తో నిలబెట్టింది, క్రిస్టీన్ సింక్లెయిర్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ చియామాకా ఎన్నదోజియె ఆపేసింది. బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల సొంత మైదానంలో 3-2తో ఓడించింది. ప్రీక్వార్టర్స్‌లో ఆ తర్వాత ఫైనల్ ఆడిన ఇంగ్లండ్‌ను 120 నిమిషాలు గోల్ లేకుండా ఆపి, షూటౌట్‌లో మాత్రమే ఓడింది. టోర్నీ అయ్యాక కొన్ని బాకీలు 2021 నాటివని అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో వాళ్ల తరఫున ప్రకటన ఇచ్చింది. ఆ ప్రపంచకప్‌లోనే ఫిఫా ఒక్కో క్రీడాకారిణికి ఇంత అని ప్రకటించింది, గ్రూపు దశకు 30 వేల డాలర్లు, ప్రీక్వార్టర్స్ చేరితే 60 వేలు. అంతకుముందు సొమ్మంతా ఆయా దేశాల ఫుట్‌బాల్ సమాఖ్యలకే వెళ్లేది, ఆటగాళ్ల చేతికి ఎంత వస్తుందో ఆ సమాఖ్యల దయ. ఈ తేడా నీ వ్యాసంలో కనబడాలి.

ఇక పదో కప్పు, 2025 జూలై 26, మొరాకో రాజధాని రబాత్. ఫైనల్లో మొరాకో మొదటి సగంలోనే 2-0. 1999 బ్రెజిల్ మ్యాచ్ బాగా రాసి ఉంటే ఇక్కడ నువ్వు వేరే చెప్పాల్సిన పనే ఉండదు, పాఠకుడే దాన్ని గుర్తు చేసుకుంటాడు. ఎస్తర్ ఒకొరోన్‌క్వో పెనాల్టీ, తర్వాత ఫొలషాదే ఇజమిలుసి, 88వ నిమిషంలో జెన్నిఫర్ ఎచెగిని, 3-2. కెప్టెన్ రషీదత్ అజిబడే టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. కోచ్ జస్టిన్ మడుగు. దేశాధ్యక్షుడు టినుబు పిలిచి ఒక్కొక్కరికి లక్ష డాలర్లకు సమానమైన నైరాలు (వాళ్ల కరెన్సీ), మూడు పడకగదుల ఫ్లాటు, జాతీయ పురస్కారం ప్రకటించాడు. ఇది రాసేటప్పుడు "అన్నీ సర్దుకున్నాయి" అన్న ధోరణిలోకి జారిపోకు. అధ్యక్షుడు సంతోషపడి ఇచ్చేది బహుమతి, ముందే ఒప్పందంలో రాసుకుని సకాలంలో ఇచ్చేది వేతనం. వాళ్లు ఇన్నేళ్లూ అడిగింది రెండోది.

పొగడ్తల్లో పడి అసౌకర్యమైన సంగతులు దాచకు. 2010లో కప్పు గెలిపించిన కోచ్ యుకారియా ఉచే, జట్టులో లెస్బియన్లు ఉన్నారన్న పుకార్ల మీద ప్రార్థనలు పెట్టించానని 2011 ప్రపంచకప్‌కు ముందు ఒక విదేశీ పత్రికకు చెప్పింది, ఫిఫా కలగజేసుకుని ఆమెతో మాట్లాడాల్సి వచ్చింది. ఆవిడ గెలిచిన కప్పూ నిజం, ఆ అమ్మాయిలకు జరిగిన అవమానమూ నిజం, రెండూ రాయాలి. అలాగే ప్రత్యర్థుల్ని చిన్నచూపు చూడకు. 2008, 2012లలో ఈక్వటోరియల్ గినీ గెలిచింది, 2022లో దక్షిణాఫ్రికా గెలిచింది, ఆ సెమీస్‌లో నైజీరియా ఇద్దరికి రెడ్ కార్డు పడి తొమ్మిది మందితో ఆడి మొరాకో చేతిలో షూటౌట్‌లో ఓడింది. మిగతా జట్లు ఎదిగాయి కాబట్టే పదో కప్పుకు అంత విలువ.

జాలి అస్సలు వద్దు. "పేదరికాన్ని జయించిన ఆడబిడ్డలు" లాంటి వాక్యం కనబడితే నేను కొట్టేస్తాను, మా డెస్క్‌లో ఉన్నప్పుడూ అలాంటివి కొట్టేసేదాన్ని. వాళ్లు ఆట వచ్చినవాళ్లు, ఆ ఆట గురించి రాయి. అసిసాత్ ఓషోవాలా ఆరుసార్లు ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి అయ్యింది, ఎలా పరిగెడుతుంది, డిఫెండర్ల వెనక ఖాళీ ఎలా కనిపెడుతుంది అన్నది రాయి. ఓనోమె ఎబి 2003 నుంచి 2023 దాకా ఆరు ప్రపంచకప్ జట్లలో ఉంది, అది రాయి. ఇప్పటిదాకా జరిగిన తొమ్మిది మహిళల ప్రపంచకప్‌లన్నిటిలో ఆడిన దేశాలు ఏడే, ఆఫ్రికా నుంచి నైజీరియా ఒక్కటే, అదీ రాయి. మగవాళ్ల జట్టుతో పోలిక ఎక్కడా అక్కర్లేదు, బోనస్ లెక్క దగ్గర తప్ప.

మన పాఠకుల కోసం తెలుగు సంబంధం ఏదో ఒకటి అతికించాలని చూడకు. నిజంగా ఉన్న సంబంధం ఒకటుంది, అది వాడుకో. 2022లో అండర్-17 మహిళల ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది, నైజీరియా పిల్లల జట్టు నవీ ముంబైలో అమెరికాను, తర్వాత మూడో స్థానం మ్యాచ్‌లో జర్మనీని, రెండుసార్లూ షూటౌట్‌లోనే ఓడించి కాంస్యం పట్టుకెళ్లింది. నిజామాబాద్ వైపు తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇప్పుడు భారత జట్టుకు ఆడుతోంది, ఆడపిల్ల ఫుట్‌బాల్ ఏమిటి అని అడిగేవాళ్లకు ఆమె పేరు ఒక్కసారి చెప్తే చాలు.

ఏ మ్యాచ్ స్కోరైనా కనీసం రెండు చోట్ల సరిచూసుకో. ఫిఫా ప్రతి ప్రపంచకప్‌కూ టెక్నికల్ రిపోర్టు వేస్తుంది, 1991, 1995, 1999వి వెతికి చదువు, జట్టు ఎలా ఆడిందో అందులో ఉంటుంది. బోనస్ గొడవల దగ్గర సమాఖ్య ప్రకటన ఒక్కటే చూసి రాయకు, ఆటగాళ్లు ఏమన్నారో కూడా వెతుకు. పేర్లు ఒక్కోచోట ఒక్కోలా పలుకుతారు, వాళ్ల ఇంటర్వ్యూలు విని వాళ్లు ఎలా చెప్పుకుంటారో అలా రాసి, ముందే ఒక పట్టిక చేసి పెట్టుకో.

మొత్తం రాసి పంపక్కర్లేదు. ముందు 1999 బ్రెజిల్ మ్యాచూ, 2016 అబుజా బైఠాయింపూ, ఈ రెండే రాసి పంపు, నేను ఎర్ర ఇంకుతో దిద్ది తిప్పి పంపుతాను. పేర్ల పట్టిక కూడా జత చెయ్యి.

మీ అత్త