పైలట్ కోర్సులో చేరిపోనా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎయిర్‌లైన్ పైలట్ అవ్వాలనే కోరిక. కళ్లద్దాలు వాడతాను. ఇల్లు తాకట్టు పెట్టయినా చదివిస్తానని నాన్న అంటున్నారు, అమ్మేమో వద్దంటోంది. డిగ్రీ ఆపేసి ఫ్లయింగ్ స్కూల్లో చేరిపోనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వద్దని నేను అనను. కానీ ఎక్కడా ఒక్క రూపాయి కట్టకముందే క్లాస్ 1 మెడికల్, అంటే ఎయిర్‌లైన్ పైలట్లకు తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష, చేయించుకోండి. చాలామంది ఫీజు కట్టేశాక దీని సంగతి చూస్తారు, అక్కడే గుండెలు బద్దలవుతాయి. అద్దాలు పెద్ద అడ్డంకి కాదు, వాటితో చూపు కావలసినంత ఉంటే ఒప్పుకుంటారు. రంగులు గుర్తించడంలో లోపం బయటపడితే మాత్రం కష్టం, దానికి కళ్లజోడుతో పరిష్కారం లేదు. ఇది ఒక్కసారితో అయిపోయే పరీక్ష కూడా కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా, 60 దాటాక ఆరు నెలలకోసారి పాసవుతూనే ఉండాలి.

ఇక ఇల్లు. కమర్షియల్ లైసెన్స్‌కి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 200 గంటలు ఎగరాలి, గుర్తింపు ఉన్న కోర్సులోనైతే 150 చాలు. లైసెన్స్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఆ తర్వాత ఎయిర్‌బస్ 320 లాంటి ఒక రకం విమానానికి విడిగా టైప్ రేటింగ్ అనే శిక్షణ చెయ్యాలి, ఆ ఖర్చు కూడా చాలాసార్లు మనమీదే పడుతుంది. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్లే ఇంట్లో కూర్చున్నారు, ఇక కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లని ఎవరు పిలుస్తారు? అప్పు వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే. అందుకని నాన్నగారితో కూర్చుని, లైసెన్స్ వచ్చాక రెండేళ్లు ఉద్యోగం రాకపోయినా ఇల్లు నిలుస్తుందా అని లెక్క వేయండి. నిలవదంటే ఆ తాకట్టు వద్దు. డిగ్రీ పూర్తి చేయండి, ఈలోగా ఎయిర్‌లైన్ కంపెనీలే అభ్యర్థులను ఎంచుకుని శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాములకి ప్రయత్నించండి. మీకేం ఆలస్యం కాలేదు, ఎయిర్‌లైన్లలో 65 వరకు ఎగరొచ్చు.

ఉద్యోగం గురించి కూడా నిజం తెలుసుకోవాలి. పైకి వెళ్లాక ఎక్కువసేపు నడిపేది ఆటోపైలటే. మీ పని దాన్ని కనిపెట్టుకుని ఉండటం, ఇంధనం, వాతావరణం చూసుకోవడం, ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం. అర్ధరాత్రి డ్యూటీలుంటాయి, పండగలు హోటల్ గదుల్లో గడిచిపోతాయి. నేలమీదే విమానం నడిపినట్టుండే సిమ్యులేటర్‌లో టేకాఫ్ సమయంలోనే ఇంజిన్ ఆపేసి మీరేం చేస్తారో చూస్తారు, అలాంటి పరీక్షలు ఏటా ఉంటాయి, తప్పితే మళ్లీ పాసయ్యేదాకా ఎగరనివ్వరు. పక్కనున్నవాళ్లు మీ తప్పు చూపిస్తే ఉడుక్కోకుండా సరిదిద్దుకోగలరా? నన్నడిగితే ఈ వృత్తికి లెక్కల్లో మార్కుల కన్నా ఇదే ముఖ్యం.

మెడికల్ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చిన్న విమానంలో ఒక గంట ఎగిరి చూడండి. కాస్త కడుపులో తిప్పినా భయపడకండి, చాలామందికి అలవాటవుతుంది. అమ్మగారి భయం ప్రమాదం గురించా, అప్పు గురించా అన్నది ఆవిడనే అడగండి, రెండింటికీ ఒకే జవాబు పనికిరాదు. స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి, ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, పోయిన బ్యాచ్ గంటలు పూర్తి చేయడానికి ఎంతకాలం పట్టిందో అక్కడి విద్యార్థులనే అడగండి. ఫీజు మొత్తం ముందే కట్టమంటే మాత్రం వేరే స్కూల్ చూసుకోండి.